ఇచ్చేసిన చక్రం

పిల్లలూ, ఎదురుగాలిలో సైకిలు తొక్కారా? ముందు మరొకడు పోతూంటే వెనకవాడికి శ్రమ తగ్గుతుంది. ముందువాడే గాలిని చీలుస్తాడు గనక. (రోడ్డుమీద మీరిది చేయకండి. ముందువాడు ఆగితే పళ్ళు రాలతాయి!)

ఫ్రాన్సులో 1903లో మొదలైన టూర్ ద ఫ్రాన్స్ పందెం దాదాపు మూడు వారాలు, మజిలీలుగా సాగుతుంది. మజిలీల కాలమంతా కూడితే ఎవరికి తక్కువ వస్తే వారిదే గెలుపు. అంతవరకూ ముందున్నవాడికి పసుపుపచ్చ చొక్కా. జట్టు ఒకణ్ణి నాయకుడుగా ఎంచుకుంటుంది; తక్కినవారు అతనికి గాలి అడ్డుకుంటారు, నీళ్ళందిస్తారు.

1934లో ఫ్రెంచి జట్టులో పసుపుపచ్చ చొక్కా ఆంతొనాన్ మాన్య్‌ది. రెనే వియెత్తో ఇరవయ్యేళ్ళవాడు, కొండలెక్కడంలో మొనగాడు. పిరనీ కొండలు దిగుతూ మాన్య్ పడ్డాడు, చక్రం విరిగింది. వియెత్తో తన ముందుచక్రం ఊడదీసి ఇచ్చేశాడు. ఇంకో చక్రం వచ్చేదాకా గోడమీద కూచుని, పోయే నిమిషాలు తలుచుకుని ఏడ్చాడు. ఆ ఫొటో నేటికీ ప్రసిద్ధం.

మర్నాడు మాన్య్ సైకిలు మళ్ళీ చెడింది. ముందు పోతున్న వియెత్తో వెనక్కి తిరిగి, దిగిన కొండే ఎక్కి, తన సైకిలు ఇచ్చాడు. మనసులేకే ఇచ్చాడంటారు కొందరు. కావచ్చు, ఇచ్చాడు గదా!

మాన్య్ గెలిచాడు. వియెత్తోకు అయిదో స్థానం, కొండల బహుమతి దక్కాయి. 1947లో పసుపుపచ్చ చొక్కా చాలా రోజులు తొడిగాడు గాని, పారిస్ చేరకముందే అది చేజారింది.