కెమికల్ కంపెనీలో చేరుతున్నారా? గేటు దాటే ముందే ఈ విషయాలు తెలుసుకోండి

అరకులోయ, పాడేరు, చింతపల్లి వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో పెద్ద రసాయన పరిశ్రమలు లేవు. ఇక్కడి భూములకు 1/70 చట్టం రక్షణ ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకు ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో తీర్పు ఇచ్చింది. ఆ కేసు మొదలైంది అనంతగిరి మండలంలోని బొర్రా పరిసర గ్రామాల నుంచే.

అయితే ఇంటర్, ఐటీఐ, డిగ్రీ చదివిన కొండ ప్రాంత యువతకు ఉద్యోగం కావాలంటే ఘాట్ దిగాల్సిందే. అలా దిగినవారికి ఎదురయ్యేవి పరవాడ, అచ్యుతాపురంలోని ఫార్మా, కెమికల్ యూనిట్లు. అక్కడ ప్రమాదాలు కొత్త కాదు. కాబట్టి జీతం ఎంత, రూమ్ ఎక్కడ అని అడిగినట్టే భద్రత గురించి కూడా అడగాలి. అడిగే హక్కు చట్టం ఇచ్చింది.

గత ప్రమాదాలు ఏం చెబుతున్నాయి?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చింది. 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి. వేడెక్కితే దానంతట అదే పాలిమర్‌గా మారుతూ ఇంకా వేడి పుట్టిస్తుంది. ఆ చర్యను అదుపులో ఉంచే టీబీసీ అనే రసాయనం తగినంత లేదని, శీతలీకరణ సరిపోలేదని, ట్యాంకు పైభాగంలో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు లేదని ప్రభుత్వం నియమించిన హైపవర్ కమిటీ తేల్చింది. మరో ముఖ్యమైన విషయం సైరన్. ఫ్యాక్టరీ గేటుతో సహా 36 చోట్ల సైరన్ మోగించే వీలున్నా, ఒక్కచోట కూడా మోగించలేదు. నిద్రలో ఉన్న ఊరికి హెచ్చరిక అందలేదు.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా కంపెనీలో మధ్యాహ్నం భోజన వేళ జరిగిన పేలుడులో 17 మంది మరణించారు. లీకైన సాల్వెంట్ ఆవిరి గాలిలో కలిసి, నిప్పురవ్వ తగిలి పేలడమే కారణమని ప్రాథమికంగా గుర్తించారు. ఫార్మా యూనిట్లలో సాల్వెంట్ వాడకం రోజూ ఉండేదే. పైపు బిగింపు వదులైనా, దాని కింద కరెంటు ప్యానెల్ ఉన్నా ఆ రోజువారీ పనే ప్రాణాల మీదికి వస్తుంది.

ఇప్పుడు ఏ చట్టం వర్తిస్తుంది?

దశాబ్దాలుగా 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం అమల్లో ఉండేది. 1984లో భోపాల్ దుర్ఘటన జరిగాక 1987లో దానికి ప్రమాదకర ప్రక్రియలపై ప్రత్యేక అధ్యాయం చేర్చారు. ఆ చట్టం స్థానంలో 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం:

• ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. కాంట్రాక్టర్ ద్వారా చేరినవారికీ ఇది వర్తిస్తుంది.
• తన ఆరోగ్యానికి, భద్రతకు సంబంధించిన సమాచారం యాజమాన్యం నుంచి పొందే హక్కు కార్మికుడికి ఉంది.
• ప్రాణాపాయం ముంచుకొస్తోందని అనిపిస్తే నేరుగా గానీ, సేఫ్టీ కమిటీ సభ్యుడి ద్వారా గానీ యాజమాన్యానికి చెప్పొచ్చు. అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కూ తెలియజేయొచ్చు. ప్రమాదమేమీ లేదని యాజమాన్యం భావించినా సరే, విషయాన్ని ఇన్‌స్పెక్టర్‌కు పంపాల్సిందే.
• ప్రమాదకర ప్రక్రియ ఉన్న ఫ్యాక్టరీలో 250 మంది, ఇతర ఫ్యాక్టరీల్లో 500 మంది కార్మికులు ఉంటే సేఫ్టీ ఆఫీసర్‌ను నియమించాలి.
• యాజమాన్యం విధి ఉల్లంఘన వల్ల కార్మికుడు చనిపోతే 2 ఏళ్ల వరకు జైలు, లేదా కనీసం రూ.5 లక్షల జరిమానా, లేదా రెండూ పడతాయి. ఆ జరిమానాలో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇవ్వాలని కోర్టు ఆదేశించవచ్చు.

కొత్త విధానంలో తనిఖీకి ఏ ఫ్యాక్టరీని ఎంచుకోవాలనేది కంప్యూటర్ ద్వారా తేలుతుంది. మీ కంపెనీ వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేం. అందుకే లోపల పనిచేసేవారు చేసే ఫిర్యాదుకు విలువ ఎక్కువ.

చేరిన మొదటి రోజు ఏం అడగాలి?

నియామక పత్రం, ఈఎస్ఐ నంబరు. నెల జీతం రూ.21 వేల లోపు ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. పనిలో గాయపడితే ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. చేరిన మొదటి రోజే ప్రమాదం జరిగినా ప్రయోజనం దక్కుతుంది.

రసాయనం పేరు, దాని సేఫ్టీ డేటా షీట్. డ్రమ్ము మీద కోడ్ నంబరు మాత్రమే ఉంటే అసలు పేరు అడగండి. చికిత్స చేసే డాక్టర్‌కు మొదట కావాల్సింది అదే.

శిక్షణ మీకు అర్థమయ్యే భాషలో. ఇంట్లో కువి, ఆదివాసీ ఒరియా మాట్లాడేవారికి ఇంగ్లిష్, హిందీ బోర్డులు ఎంతవరకు ఉపయోగపడతాయి? అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి. తెలిసినవారితో చదివించుకోండి.

బయటికి వెళ్లే దారులు, అసెంబ్లీ పాయింట్, గాలి దిశ చూపే విండ్‌సాక్ ఎక్కడున్నాయో చూసుకోండి. పర్మిట్ లేకుండా ట్యాంకు లోపలికి దిగమన్నా, వెల్డింగ్ చేయమన్నా ఒప్పుకోకండి.

గ్యాస్ లీకైతే ఏం చేయాలి?

గాలి వీచే దిశకు అడ్డంగా దూరం వెళ్లండి. గాలితో పాటు పరుగెత్తితే గ్యాస్ మీ వెంటే వస్తుంది. స్టైరీన్, హైడ్రోజన్ సల్ఫైడ్, క్లోరిన్ గాలి కంటే బరువైనవి. పల్లంలో, గోతుల్లో నిలుస్తాయి. కాబట్టి ఎత్తుగా ఉన్న చోటికి వెళ్లాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను పసిగట్టలేదు. వాసన పోయిందంటే గ్యాస్ పోయినట్టు కాదు. లోపల పడిపోయిన తోటివారి కోసం శ్వాస పరికరం లేకుండా దిగితే మీరూ పడిపోతారు. వెంటనే 112కు గానీ, అంబులెన్స్ కోసం 108కి, అగ్నిమాపక శాఖ కోసం 101కి గానీ ఫోన్ చేయండి.

చుట్టుపక్కల ఊళ్లకు ఏ హక్కులున్నాయి?

ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాలు 1989 నుంచి ఉన్నాయి. వాటి పరిధిలోకి వచ్చే పెద్ద యూనిట్లు ఆవరణ లోపలి అత్యవసర ప్రణాళికపై 6 నెలలకోసారి మాక్ డ్రిల్ చేయాలి. బయటి ప్రాంతాల ప్రణాళికపై ఏడాదికోసారి జిల్లా అధికార యంత్రాంగం డ్రిల్ జరపాలి. ప్రమాదం జరిగితే ఏం చేయాలో, ఏం చేయకూడదో చుట్టుపక్కల ప్రజలకు కంపెనీ ముందుగానే చెప్పాలి. మీ ఊళ్లో ఇలాంటి డ్రిల్ ఎప్పుడు జరిగిందో గ్రామసభలో అడగొచ్చు. సమాచార హక్కు చట్టం కింద కలెక్టరేట్‌ను కూడా అడగొచ్చు.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

భద్రతా లోపాలపై జిల్లా కర్మాగారాల శాఖ అధికారికి, వాసన, వ్యర్థ జలాలపై కాలుష్య నియంత్రణ మండలికి, జీతం, నియామక పత్రం విషయంలో కార్మిక శాఖకు రాతపూర్వకంగా ఇవ్వండి. కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ అర్జీ పెట్టుకోవచ్చు. రసీదు తప్పక తీసుకోండి.

ఇంకో పని ఉంది. నియామక పత్రం, ఈఎస్ఐ కార్డు, గుర్తింపు కార్డు ఫొటోలు తీసి ఇంట్లో ఒకరి ఫోన్‌కు పంపండి. కంపెనీ పేరు, కాంట్రాక్టర్ పేరు, ఫోన్ నంబరు ఊళ్లో ఎవరికైనా రాసివ్వండి. ప్రమాదం జరిగాక పరిహారం కోసం కుటుంబం మొదట నిరూపించాల్సింది మీరు అక్కడ పనిచేశారనే. కొండ మీది ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలకు ఆ ఒక్క కాగితం దొరక్కపోతే ఆఫీసుల చుట్టూ నెలల తరబడి తిరగాల్సి వస్తుంది.