మల్టీమీటర్‌కు కనిపించని రిపుల్

కంప్యూటర్ పవర్ సప్లై పసుపు తీగ మీద మల్టీమీటర్ పెడితే 12.05 వోల్టులు అంటుంది. అబద్ధం కాదు, కానీ అది సగటు. ఆ వోల్టేజీ సెకనుకు లక్షసార్లు పైకీ కిందికీ ఊగుతున్నా మీటరుకు పట్టదు. ఆ ఊగిసలాటే రిపుల్.

ఇందులో రెండు అలలు కలిసి ఉంటాయి. మన 50 హెర్ట్జ్ ఏసీ కరెంటు డయోడ్లు దాటేసరికి సెకనుకు 100 ఉబ్బులవుతుంది. మోటారు ఆగినా మిద్దె మీది ట్యాంకు కుళాయికి నీళ్లిచ్చినట్టు, పెద్ద కెపాసిటర్ ఉబ్బుకీ ఉబ్బుకీ మధ్య ఖాళీ పూడుస్తుంది. పూర్తిగా మాత్రం కాదు, ఆ మిగిలిందే మొదటి అల. తర్వాత ట్రాన్సిస్టర్లు ఆ డీసీని సెకనుకు వేలు, లక్షల సార్లు తెంపి ట్రాన్స్‌ఫార్మర్‌కు పంపుతాయి. రెండో అల అక్కడ పుడుతుంది. తెంపిన ప్రతిసారీ లేచే సన్నటి స్పైకులే నాయిస్.

ఇంటెల్ ఏటీఎక్స్ డిజైన్ గైడ్ ప్రకారం, అల అడుగు నుంచి కొస వరకు కొలిస్తే 12 వోల్టుల లైను మీద 120 మిల్లీవోల్టులు, 5, 3.3 వోల్టుల లైన్ల మీద 50 మించకూడదు. 12 వోల్టుల్లో 120 మిల్లీవోల్టులంటే సరిగ్గా ఒక్క శాతం.

ఇంత చిన్న అలను కొలవడంలోనే అసలు తిప్పలున్నాయి. ఆసిలోస్కోపును ఏసీ కప్లింగ్‌లో పెడితే 12 వోల్టులు పక్కకు తప్పుకొని అల ఒక్కటే మిగులుతుంది. బ్యాండ్‌విడ్త్‌ను 20 మెగాహెర్ట్జ్‌కు కట్టడి చేయాలి. కొలిచే కనెక్టర్ దగ్గర 10 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలైటిక్, 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు కలపమంటుంది గైడ్. ఇది మోసమనిపించవచ్చు, కానీ మదర్‌బోర్డులోనూ కరెంటు అందే చోట కెపాసిటర్లుంటాయి కదా. ప్రోబ్‌కు వేలాడే పొడవాటి గ్రౌండ్ తీగ మాత్రం యాంటెన్నాలా చుట్టూ ఉన్న గోలనంతా లాగేస్తుంది. దాన్ని తీసేసి పొట్టి స్ప్రింగ్ తగిలించాలి. అనుమానముంటే ప్రోబ్ మొననూ గ్రౌండునూ పవర్ సప్లై గ్రౌండు మీద ఒకే చోట ఆనించండి. అప్పుడూ తెర మీద అల కనిపిస్తే అది మీ కొలతలోని లోపం, పాపం పవర్ సప్లైది కాదు. ఇంటర్నెట్‌లో తిరిగే భయంకరమైన రిపుల్ బొమ్మల్ని ఈ పరీక్ష అయ్యేదాకా నేను నమ్మను.

లోడు లేకుండా కొలవడం వృథా. ఎలక్ట్రానిక్ లోడు తగిలించి, పూర్తి సామర్థ్యం దాకా పెంచుతూ చూడాలి. తెర వేగాన్నీ మార్చాలి: గడికి 5 మిల్లీసెకన్లుంటే 100 హెర్ట్జ్ అల, 10 మైక్రోసెకన్లుంటే స్విచ్చింగ్ అల బయటపడతాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందుండే ప్రైమరీ వైపు మాత్రం ప్రోబ్ పెట్టకండి. అక్కడ 325 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కాసేపు నిలుస్తుంది. స్కోపు గ్రౌండ్ క్లిప్ ఎర్త్‌కు కలిసి ఉంటుంది కాబట్టి, అక్కడ తగిలించడమంటే షార్ట్ చేయడమే.

కొత్తలో నెగ్గిన పవర్ సప్లై ఎప్పటికీ నెగ్గుతూనే ఉంటుందని కాదు. వేడికి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో ద్రవం తగ్గి, లోపలి నిరోధం పెరుగుతుంది. దాంతో రిపుల్ పెరుగుతుంది, ఆ రిపులే కెపాసిటర్‌ను ఇంకా వేడెక్కిస్తుంది. ఇంత జరుగుతున్నా మల్టీమీటరు దాదాపు అదే అంకె చూపిస్తుంటుంది. లోడు పడ్డప్పుడే హ్యాంగయ్యే పాత యంత్రాన్ని బాగుచేసేటప్పుడు మెమరీ మార్చే ముందు ఒకసారి స్కోపు పెట్టి చూడడం మంచిది.