పాట కన్నా ముందు మోకాలు

డ్యాన్స్ స్కూల్లో చేర్పించగానే పాట నేర్పాలని చాలామంది తల్లిదండ్రులు ఆశిస్తారు. సంగీత నాటక అకాడమీ గుర్తించిన 8 శాస్త్రీయ నృత్యాల్లో దేన్ని తీసుకున్నా, తొలి పాఠాల్లో నిలబడే తీరుకే పెద్దపీట.

భరతనాట్యం, కూచిపూడిల్లో మోకాళ్లు పక్కలకు వంచి అరమండిలో అడుగులు వేయిస్తారు. ఒడిస్సీలో చౌక, త్రిభంగి నేర్పుతారు. కథక్‌లో నిటారుగా నిలబెట్టి పాదాలతో తాళం సాధన చేయిస్తారు.

అరమండిలో కాళ్లు తుంటి దగ్గర నుంచి తిరగాలి. పాదాలను మాత్రమే పక్కకు తిప్పితే మోకాలు మెలి పడుతుంది. స్టేజీ కోసం తొందరపడితే ఈ తప్పే అలవాటవుతుంది.

పెద్దలూ నేర్చుకోవచ్చు. వాళ్లు తక్కువ వంగినా ఫర్వాలేదు, మోకాలు పాదం దిశలోనే ఉండాలి. ప్రదర్శన ఎప్పుడని అడిగే ముందు, గురువు ఒక్కొక్కరి మోకాళ్లు సరిచేస్తున్నారో లేదో ఒక క్లాసు కూర్చుని చూడటం మేలు.