కిలో మాంసానికి ఎన్ని నీళ్లు? కరువు సీమలో చూసుకోవాల్సిన లెక్క

శింగనమల: కిలో పెద్ద మాంసం తయారు కావాలంటే దాదాపు 15,400 లీటర్ల నీళ్లు పడతాయి. నెదర్లాండ్స్‌లో పనిచేసిన పరిశోధకులు మెకొన్నెన్, హోక్‌స్ట్రా తేల్చిన ప్రపంచ సగటు ఇది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే అనంతపురం జిల్లాలో ఈ మాట వింటే ఎవరికైనా గుబులు పుడుతుంది. అలాగని ఇక్కడ పశువులను మేపడమే తప్పా?

కాదు. ఆ లెక్కలో నూటికి 90 వంతులకు పైగా మేత పెరిగిన నేల మీద పడ్డ వాన నీళ్లే. బోర్లు, కాలువల వాటా నాలుగు వంతుల దాకా ఉంటుంది. పశువు తాగేది అందులోనూ చాలా కొద్ది. కాబట్టి ఎన్ని నీళ్లు అన్నదానికంటే ఏ నీళ్లు అన్నదే ముఖ్యం.

వానకు పండిన వేరుశనగ కట్టె, జొన్న చొప్ప మేపితే భూగర్భ జలం ఖర్చు కాదు. గింజల కోసం వేసిన పంటే మేతనూ ఇస్తుంది. అదే బోరు కింద ఏడాది పొడవునా పచ్చగడ్డి పెంచితే ప్రతి కోతకూ నీటిమట్టం కిందికి పోతుంది. పొదుపు చేయాల్సింది అక్కడే.

తాగే నీళ్ల దగ్గర మాత్రం పొదుపు పనికిరాదు. 1977 నాటి చట్టం ప్రకారం రాష్ట్రంలో గోవధ నిషేధం. అందువల్ల పెద్ద మాంసం అంటే ఇక్కడ ప్రధానంగా ఎనుములదే. ఎదిగిన ఎనుముకు ఎండాకాలంలో రోజుకు 50 లీటర్లకు పైగా నీళ్లు కావాలి. దానికి చెమట గ్రంథులు తక్కువ, ఎండకు త్వరగా అలసిపోతుంది. నీళ్లు తగ్గితే మేత తగ్గుతుంది, మేత తగ్గితే బరువు తగ్గుతుంది.

మాంసం నాణ్యతకూ దీనికీ సంబంధం ఉంది. కోసిన తర్వాత కండరాల్లోని గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారి, పీహెచ్ 7 నుంచి 5.5 దగ్గరికి దిగుతుంది. అప్పుడే మాంసం మంచి రంగులో ఉంటుంది, త్వరగా చెడిపోదు. దూర ప్రయాణం, దాహం, బెదురు వల్ల గ్లైకోజెన్ ముందే అయిపోతే పీహెచ్ 6 పైనే ఆగిపోతుంది. మాంసం నల్లబడి, జిగురుగా మారి, తొందరగా పాడవుతుంది.

కోతకు ముందు పశువుకు నీళ్లు పెట్టాలి, బెదరగొట్టకూడదు, కత్తి పదునుగా ఉండాలి అని జబహ్ మర్యాదలు చెబుతున్నదీ ఇదే. సంతనుంచి తెచ్చిన పశువును నీడన కట్టేసి, తేరుకునే దాకా ఆగి, నీళ్ల తొట్టి ముందు పెట్టాలి. ఆ రెండు బిందెల నీళ్లకు వెనకాడితే, ఏళ్ల తరబడి మేపిన మేత, దానికి పట్టిన వాన అంతా వృథా అయినట్టే.