బ్యాక్‌హ్యాండ్ కొడితే మోచేయి ఎందుకు నొప్పెడుతుంది?

మరోదా (భిలాయి): ఈ ఉక్కు పట్టణంలో సాయంత్రం పూట ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ సాధన చేస్తుంటాను. నిరుడు ఒక దశలో టీ గ్లాసు ఎత్తినా కుడి మోచేయి బయటివైపు సలిపేది. డాక్టర్ ‘టెన్నిస్ ఎల్బో’ అన్నారు. బంతి తగిలేది ర్యాకెట్‌కు కదా, నొప్పి మోచేతికి ఎందుకు?

లెక్క వేసి చూద్దాం. టెన్నిస్ బంతి సుమారు 57 గ్రాములుంటుంది. సెకనుకు 20 మీటర్ల వేగంతో వచ్చిన బంతిని 25 మీటర్ల వేగంతో తిప్పికొట్టామనుకోండి. అది ర్యాకెట్ తీగలను అంటుకుని ఉండేది దాదాపు 5 మిల్లీసెకన్లే. ఆ కాస్త సమయంలో బంతి మీద సగటు బలం 500 న్యూటన్లు దాటుతుంది. అంటే 50 కిలోల బియ్యం బస్తా బరువంత! అదంతా చేతికి చేరదు, చాలావరకు ర్యాకెట్ జడత్వమే భరిస్తుంది. మిగిలిన కుదుపు మణికట్టును అరచేతి వైపు వంచబోతుంది. దాన్ని ఆపే ముంజేతి కండరాలు మోచేయి బయటి ఎముక బొడిపెకు అతుక్కుని ఉంటాయి. నాకు సలిపింది సరిగ్గా అక్కడే.

బ్లాక్‌వెల్, కోల్ అనే పరిశోధకులు 1994లో ప్రచురించిన అధ్యయనం ఆసక్తికరం. బంతి తాకే క్షణంలో నిపుణుల మణికట్టు సగటున 23 డిగ్రీలు చేతి వెనకవైపుకు వంగి ఉంది. కొత్తవారిది 13 డిగ్రీలు అరచేతి వైపుకు వంగి, ఇంకా అటే కదులుతోంది. అంటే బిగిసి ఉన్న కండరం బలవంతంగా సాగుతోంది. తగిలాక సరిచేసుకుందామంటే కుదరదు. చేతి కండరాల రిఫ్లెక్స్‌కే 20 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది, ఆలోపే బంతి వెళ్లిపోతుంది.

కాబట్టి చేయాల్సిందంతా ముందే చేయాలి. చూపుడువేలి మొదటి కణుపు పిడి పైభాగానికి వచ్చేలా పట్టు మార్చాలి. భుజాన్ని త్వరగా తిప్పాలి. బంతిని ముందరి పాదం కంటే ముందే అందుకోవాలి. ఖాళీ చేతిని వెనక్కి చాపితే మొండెం అతిగా తిరిగిపోకుండా ఉంటుంది, కోణీయ ద్రవ్యవేగం చేసే పని అది. నాకు ఎక్కువ తేడా తెచ్చింది మాత్రం బంతిని ఒక జానెడు ముందు అందుకోవడమే. మణికట్టుతో విసరాల్సిన అవసరమే తగ్గింది.

హైదరాబాద్ క్రీడాకారిణి సానియా మీర్జాలా రెండు చేతులతో ఆడితే భారం పంచుకోవచ్చు. 2024 ఫిబ్రవరిలో పురుషుల ర్యాంకింగుల తొలి పదిమందిలో ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ ఆటగాడు ఒక్కరూ లేకుండా పోయారు. 1973లో ఆ ర్యాంకింగులు మొదలయ్యాక అలా జరగడం అదే తొలిసారి. అంతకు నెల ముందే, ఒంటిచేత్తో బ్యాక్‌హ్యాండ్ ఆడే రోహన్ బోపన్న 43 ఏళ్ల వయసులో ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచారు. నేనైతే భుజం ఎత్తుకు లేచిన బంతిని ఇప్పటికీ స్లైస్ చేసి గట్టెక్కుతున్నాను.