పడవవాడి ముఖం నల్లబడిందేం?

ఫాల్గుణ మాసపు సాయంత్రం. రాజమహేంద్రవరంలో పుష్కరఘాట్ మెట్లపై నిలబడి, ఒడ్డుకు వస్తున్న పడవను ఫోటో తీశారనుకోండి. మీ కంటికి పడవవాడి ముఖం చక్కగానే కనిపించింది. ఫోటోలో మాత్రం నల్లని నీడబొమ్మ! ఎందుకని?

ఈ ఊరు గోదావరికి తూర్పుగట్టున ఉంది. మార్చి 20, 21 తేదీల ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా పడమరన, అంటే నది అవతల కొవ్వూరు వైపు, అస్తమిస్తాడు. నడినెత్తిన ఉన్న సూర్యుని కాంతిలో నిశ్చలమైన నీరు నూటికి 2 వంతులే పరావర్తనం చేస్తుంది. సూర్యుడు 10 డిగ్రీల ఎత్తుకు దిగేసరికి అది సుమారు 35 వంతులవుతుంది! ఆ తళతళను బట్టి కెమెరా వెలుగు మరీ ఎక్కువగా ఉందని లెక్కగట్టి, లోపలికి తీసుకునే కాంతిని తగ్గిస్తుంది. అసలే నీడలో ఉన్న ముఖం మరింత నల్లబడుతుంది. మన కన్నూ మెదడూ వెలుగుకూ నీడకూ విడివిడిగా సర్దుకోగలవు. కెమెరా మామూలుగా చిత్రమంతటికీ ఒకే కొలత వాడుతుంది.

మరి ఉపాయం? ఫోను తెరపై ముఖమున్న చోట వేలితో తాకండి. కెమెరా ఆ ముఖానికి తగినట్టు కాంతిని కొలుస్తుంది. నీళ్లు తెల్లగా పాలిపోతాయి, పోనివ్వండి. లేదా ఉదయం కాస్త పొద్దెక్కాక రండి. అప్పుడు సూర్యుడు మీ వెనుక ఉంటాడు. పడవలు, వలలు సర్దుకునే జాలర్లు, అన్నీ స్పష్టంగా పడతాయి. ముందుగా వారి అనుమతి అడగడం మాత్రం మరవకండి! తర్వాత రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టి పోల్చి చూడండి.