ఇంజను మార్చే ముందు ఇంటి లెక్క

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లో ఉండే మా బావగారికి ఓ పాత ఎం.జి.బి. జి.టి. స్పోర్ట్స్ కారుంది. "దీనికి వి-8 ఇంజను నేనే పెట్టుకుంటా" అని ఆయన అన్నరోజు మా అక్క ఏం చేసిందో తెలుసా? పిల్లల పాత నోట్‌బుక్కు తెచ్చి, ఖర్చంతా రాయమని ముందు పెట్టింది.

మరీ పిచ్చి ఆలోచనేం కాదులెండి. ఎం.జి. కంపెనీయే 1973 నుంచి 1976 దాకా ఇలాంటి కార్లు తయారుచేసింది. రోవర్ వాళ్ళ ఆ 3.5 లీటర్ల ఇంజను అల్యూమినియంది. సిలిండర్లు ఎనిమిదున్నా, పాత 1.8 లీటర్ల ఇనప ఇంజను కన్నా బరువు పెద్దగా ఎక్కువుండదు.

తిప్పలన్నీ మిగతావాటితోనే. గ్రైండరుకు పెద్ద మోటారు బిగించి బెల్టు పాతదే ఉంచితే ఏమవుతుందో మనకు తెలీదూ! రేడియేటరు పెద్దది కావాలి. గేరుబాక్సు, వెనక యాక్సిలు ఆ బలానికి తట్టుకోవాలి. ఎగ్జాస్టు గొట్టాలు స్టీరింగు కడ్డీకి తగలకుండా చోటు చూసుకోవాలి. ఇంజను ఎత్తడానికి క్రేను అద్దె వేరే. బ్రేకులు సరిగ్గా లేకపోతే పిల్లల్ని ఆ కారెక్కనివ్వనని అక్క తెగేసి చెప్పింది.

ఇన్సూరెన్సు వాళ్ళకు ముందే చెప్పాలి. చెప్పకపోతే, రేపు ఏదైనా ప్రమాదం జరిగితే డబ్బు రాకపోవచ్చు. రిజిస్ట్రేషను కాగితాల్లోనూ కొత్త ఇంజను వివరాలు మార్పించాలి.

అంతా రాశాక చూస్తే ఇంజను ఖర్చు ఒక్క వరస, మిగతాది పేజీన్నర! బావగారు ప్రస్తుతానికి బ్రేకుల సామాను మాత్రం కొన్నారు. అన్నీ సమకూరేదాకా పాత ఇంజను బయటికి తీయకూడదని అక్క షరతు. ఆదివారం కూరగాయలకు ఇంకా దాంట్లోనే వెళ్ళొస్తున్నారు.